లీకుల ఆఫీసులో పళ్ళ పంపు

ఆ రోజు పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనం కాగానే ఆఫీసు బాత్రూమ్‌లో మరోసారి పళ్ళు శుభ్రం చేసుకోవాలి. తర్వాత సభలో మైకు ముందు నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, మేడమ్‌గారికి కృతజ్ఞతలు చెప్పాలి. అంతే. ఇందులో ఒక వీధి మొత్తానికి నీళ్ళు ఆగిపోయే ప్రమాదం ఉందని ముందే తెలిస్తే సెలవు చీటీ పంపి ఇంట్లోనే కూర్చునేవాడు.

ఆయన పనిచేసేది నీటి సరఫరా ఆఫీసులో, లీకుల విభాగంలో. భూమిలోపల పైపు ఎక్కడ చిల్లు పడిందో పైన నిలబడి కనిపెట్టడం వాళ్ళ పని. ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన చెయ్యడ్డంగారే. మాట్లాడినా, నవ్వినా, ఆవలించినా కుడిచెయ్యి దానంతటదే లేచి నోటికి అడ్డం వచ్చేది. ఏళ్ళ తరబడి చిగుళ్ళ వాపు, బ్రష్ చేస్తే నెత్తురు, నోట్లో వాసన. తను నోరు తెరవగానే ఎదుటివాళ్ళు నెమ్మదిగా వెనక్కి జరగడం ఎప్పుడో కనిపెట్టి, ఆ చేతిని అక్కడ కాపలా పెట్టుకున్నాడు. ఫోనులో మాట్లాడేటప్పుడు కూడా అది డ్యూటీ దిగేది కాదు.

చివరికి భార్య ఆయన్ని పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ నోరు తెరవమంటే చెయ్యి అడ్డం వచ్చింది. ఆవిడ దాన్ని పక్కకి నెట్టి, చిగుళ్ళు శుభ్రం చేసి, బ్రష్ చేయడం బాగానే ఉంది గానీ పళ్ళ సందుల్లోకి అది వెళ్ళడం లేదనీ, రోజూ బ్రష్‌తో పాటు వాటర్ ఫ్లాసర్ కూడా వాడమనీ చెప్పింది. అరచేతిలో పట్టే యంత్రం అది. కింద చిన్న నీళ్ళ డబ్బా, పైన వంపు తిరిగిన సన్నటి గొట్టం, మధ్యలో మీట. నొక్కితే బుర్రుమంటూ సన్నటి ధార ఆగి ఆగి కొడుతుంది. కూతురు దాన్ని సరైన పేరుతోనే పిలిచేది. భార్య పిచికారీ అంది. ఆయన మాత్రం పళ్ళ పంపు అన్నాడు.

మొదటిరోజు గొట్టం నోట్లో పెట్టుకోకముందే మీట నొక్కాడు. అద్దం, గోడ, కళ్ళజోడు, గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్య వరసగా తడిశారు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, "ఏమండీ, నా పళ్ళు బాగానే ఉన్నాయి. ముందు మీవి చూసుకోండి" అంది. కూతురు పక్కన నిలబడి నేర్పింది. ముందు గొట్టం, తర్వాత మీట. బేసిన్ మీదికి వంగాలి, పెదాలు కాస్త దగ్గరగా పెట్టి నీళ్ళు వాటంతటవే జారనివ్వాలి, మొదట్లో తక్కువ వేగం చాలు. ఆ పిల్లకి పళ్ళు తోమడం నేర్పిన రోజుల్లో తానెంత విసుక్కున్నాడో ఆయనకి గుర్తుంది. అది ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆయన కళ్ళు తడిశాయి. పంపు నీళ్ళే పడ్డాయని చెప్పి తుడుచుకున్నాడు.

కొన్నాళ్ళకి నెత్తురు ఆగింది, వాపు తీసింది, వాసన పోయింది. "మరి ఇంకా ఆ చెయ్యెందుకండీ?" అని భార్య అడిగింది. జబ్బు పోయినా కాపలా పోలేదు. మేడమ్‌గారి వీడ్కోలు సభలో దాన్ని దించేస్తానని ఆ రాత్రే భార్యకి మాటిచ్చాడు.

మేడమ్‌గారు లీకుల విభాగానికి పెద్ద. ఆవిడవి పాముచెవులు. ఇనుప కడ్డీ ఒక కొస నేలమీద ఆనించి, రెండో కొస చెవికి ఆనించుకుని, రోడ్డు మీద బళ్ళు పోతుండగానే కింద పైపు ఎక్కడ కారుతోందో చెప్పేవారు. ఆ సంగతి ఆవిడకీ బాగా తెలుసు, పదిమందికీ వినపడేలా చెప్పుకునేవారు కూడా. ఈమధ్య కొత్త ఇంజనీరు ఒకాయన వినే యంత్రం ఒకటి తెచ్చాడు. అప్పట్నుంచి, మేడమ్ చెవి మునుపటిలా లేదట, యంత్రమే నయమట అనే గుసగుస బయల్దేరింది. అది ఆ చెవిలో కూడా పడే ఉంటుంది.

చెయ్యడ్డంగారికి మాత్రం ఆవిడంటే ప్రాణం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మనిషి పొగరుబోతు, నోరు విప్పడు అని అందరూ దూరం పెడితే, ఆవిడ తన బల్ల పక్కన కుర్చీ వేయించారు. తెల్లవారుజామున వీధి వీధీ తిప్పి, ఆయన తల పట్టుకుని కడ్డీకి ఆనించి, ఏది నీటి చప్పుడో ఏది కాదో నేర్పారు. నోటికి ఆ చెయ్యేమిటని ఏనాడూ అడగలేదు. ఆయన మాట్లాడుతుంటే ఏనాడూ వెనక్కి జరగలేదు. ఈ రెండో సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. ఇవాళ మైకులో అనాలని కాగితం మీద రాసుకున్నాడు.

ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. రిటైరయ్యేవాళ్ళు వరండాలోని పైపుకి చివరిసారి కడ్డీ ఆనించి విని, "అంతా బాగుంది" అని, ఆ కడ్డీని తర్వాతివాళ్ళ చేతిలో పెడతారు. ఈసారి అది చెయ్యడ్డంగారికి రావాలి. సభకి పిలిచిన ముఖ్య అతిథి ఎంతకీ రాకపోవడంతో, ఈలోపు ఆ వినే తంతు కానిద్దామన్నారు ఆఫీసుకి పెద్దయిన పెద్దసారు. చెయ్యడ్డంగారు ఎక్కడని ఎవరూ అడగలేదు. ఉన్నా లేకపోయినా తెలియని మనిషి ఆయన.

ఆయన అప్పుడు సరిగ్గా ఆ గోడకి అవతల, బాత్రూమ్‌లో, తలుపు గడియ పెట్టుకుని పై వరస పళ్ళ మీద ఉన్నాడు. చెయ్యి వణక్కుండా మోచేతిని బేసిన్ పైపుకి ఆనించాడు. ఆ పైపే గోడలోంచి వరండాలోకి వస్తుంది.

మేడమ్‌గారు కడ్డీ ఆనించి కళ్ళు మూసుకున్నారు. అందరూ చప్పట్లకి చేతులు సిద్ధం చేసుకున్నారు. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"అంతా బాగాలేదు" అన్నారు. "ఇక్కడ కారుతోంది. సన్నటి ధార. కొడుతోంది, ఆగుతోంది, మళ్ళీ కొడుతోంది."

కొత్త ఇంజనీరు పరుగున యంత్రం తెచ్చి పెట్టాడు. అప్పటికి పంపు డబ్బాలో నీళ్ళయిపోయి, చెయ్యడ్డంగారు నింపుకుంటున్నాడు. టాపు తిప్పిన చప్పుడేదో కాసేపు వచ్చి ఆగింది, యంత్రం లీకు లేదంది. మేడమ్ మళ్ళీ విన్నారు. కొడుతోంది. ఇంజనీరు మళ్ళీ పెట్టాడు. ఈయన అద్దంలో పళ్ళు చూసుకుని మురిసిపోతున్నాడు. యంత్రం మళ్ళీ లేదంది. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దసారు ఇద్దరికీ నచ్చజెప్పి, ఆఫీసు లైను కట్టేసి చూద్దామన్నారు.

లైను కట్టేశాక ఫిట్టరు బాత్రూమ్ తలుపు కొట్టాడు. "లోపల నీళ్ళు వస్తున్నాయా సార్?"

చెయ్యడ్డంగారి నోట్లో పంపు ఉంది. నీళ్ళు వస్తున్నాయి. "ఊఁ" అన్నాడు.

"బాగానే వస్తున్నాయా?"

"ఊఁ ఊఁ." తన పళ్ళ గురించి ఫిట్టరు కూడా ఇంత శ్రద్ధగా కనుక్కుంటున్నాడే అని ఆయన మనసు కరిగిపోయింది. అందరూ ఎంత మంచివాళ్ళు అనుకున్నాడు.

ఫిట్టరు పరుగెత్తుకుంటూ వెళ్ళి, లైను కట్టేసినా లోపల నీళ్ళు బ్రహ్మాండంగా వస్తున్నాయని చెప్పాడు. మేడమ్ కడ్డీ ఆనించి, ధార అలాగే కొడుతోందన్నారు. అంటే నీళ్ళు వీధిలోని పెద్ద పైపు నుంచి గోడ కిందుగా తన్నుకొస్తున్నాయన్నమాట. గోడ కూలితే ఎవరిది బాధ్యత? పెద్దసారుకి చెమటలు పట్టాయి. వీధి లైను కూడా కట్టేయమన్నారు. వరండాలో కొత్తగా వేసిన పలకలు లేపి తవ్వమన్నారు.

కాసేపటికి వీధి కదిలొచ్చింది. లాండ్రీ ఆవిడ చేతుల నిండా సబ్బుతో వచ్చింది. హోటలు వంటవాడు ఖాళీ గిన్నెతో వచ్చాడు. ఎదురుగా ఉన్న సెలూన్ మంగలి, ఒక చెంప నున్నగా, రెండో చెంప నురగతో ఉన్న పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయనెవరో కాదు, ముఖ్య అతిథి. సభకి ముందు గెడ్డం చేయించుకుందామని అక్కడ ఆగారట. పెద్దసారు పూలదండ తెచ్చి వేశారు గానీ, నురగంటకుండా వేయడం ఆయన వల్ల కాలేదు.

అటు బాత్రూమ్‌లో చెయ్యడ్డంగారు గొట్టం తుడిచి, పంపు జేబులో పెట్టుకుని, అదే జేబులో ఉన్న ఉపన్యాసం కాగితం తడిసి ముద్దయిందని చూసి ఉసూరుమన్నాడు. అంతసేపూ అద్దం ముందు నవ్వు సాధన చేయడంలో పట్టించుకోని గునపం దెబ్బలు అప్పుడు చెవినపడ్డాయి. తలుపు తీసి బయటికి వస్తే వరండాలో మోకాలి లోతు గొయ్యి, చుట్టూ జనం, నురగ ముఖంతో దండ వేసుకున్న పెద్దమనిషి. గోతిలో మట్టి పొడిపొడిగా ఉంది. చుక్క తడి లేదు.

ఏమైందని అడిగితే ఫిట్టరు పూస గుచ్చినట్టు చెప్పాడు. సన్నటి ధార అనగానే ఆయన చెయ్యి జేబు మీదికి పోయింది. కొట్టి ఆగుతోంది అనగానే ఆ జేబుని గట్టిగా అదిమి పట్టాడు. లోపల నీళ్ళు వస్తున్నాయని మీరే అన్నారు కదా సార్ అనగానే పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇంజనీరు పాపం చెడ్డవాడు కాదు. యంత్రం ముందే చెప్పింది మేడమ్, పోనీలెండి అన్నాడు. పెద్దసారు మరీ మర్యాదగా, వయసు మీద పడ్డాక ఎవరికైనా సహజమే, ఇక సభ మొదలుపెడదాం అన్నారు. తిట్టినా మేడమ్‌గారికి అంత బాధ ఉండేది కాదు. ఆవిడ కడ్డీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. ఎప్పుడూ పదిమందికి వినపడేలా మాట్లాడే మనిషి, పక్కకొచ్చి నిలబడ్డ చెయ్యడ్డంగారికి మాత్రమే వినపడేలా అన్నారు.

"పోయిందేమో నాయనా నా చెవి. ఎప్పట్నుంచి పోయిందో. నేర్చుకున్న నీకు కూడా తప్పే నేర్పానేమో."

ఆయన ఆవిడ వైపు వంగాడు. జేబులో పంపు బరువుగా తగిలింది. నోరు విప్పితే పరువు పోతుంది. వీధికి నీళ్ళు ఆపించినందుకు పెద్దసారు ఏం చేస్తారో తెలియదు. చెయ్యడ్డం అనే పేరు పోయి అంతకంటే ఘోరమైనది స్థిరపడుతుంది. నోరు మూసుకుంటే మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. నోరు మూసుకోవడంలో ఆయనకి చాలా అనుభవం ఉంది కూడా.

సభ చప్పగా నడిచింది. ఆయన వంతు వచ్చింది. మైకు దగ్గరికి వెళ్ళి కాగితం విప్పితే సిరా అంతా ఒక్కటే మరకగా ఉంది. కుడిచెయ్యి అలవాటుగా నోటి దాకా లేచింది. అప్పుడు తెలిసింది, ఆ చేతిలో పంపు ఉంది. ఎప్పుడు తీశాడో ఆయనకే తెలియదు. చెయ్యి కిందికి దించాడు.

"మేడమ్, ఒక్కసారి ఇలా వచ్చి వినండి" అన్నాడు.

వరండాలో ముందు ఆయన, వెనక మేడమ్, ఆ వెనక సభ మొత్తం. ఒక మోచెయ్యి పైపుకి ఆనించి, ఆ చేతిలో పంపు పట్టుకుని మీట నొక్కాడు. డబ్బా అడుగున మిగిలిన నీళ్ళు సన్నటి ధారగా గోతిలోకి ఆగి ఆగి కొట్టాయి. మేడమ్ కడ్డీ చెవికి ఆనించుకున్నారు. ఆవిడ ముఖం విచ్చుకుంది.

"ఇదే" అన్నారు. "సరిగ్గా ఇదే. మధ్యలో ఎవరో పుక్కిలించి ఉమ్మినట్టు కూడా వినిపించిందయ్యా. నవ్వుతారని చెప్పలేదు."

"అది నేనే మేడమ్."

గొల్లుమన్నారు అందరూ. ఆయన మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. గోతి ఒడ్డునే నిలబడి చెప్పాడు. పళ్ళు తోముకోవడానికి సిగ్గుపడి గడియ పెట్టుకున్నది తనేనని, యంత్రానికి చిక్కని చిన్న చప్పుడు గోడ అవతల నుంచి పట్టిన చెవి ఆవిడదని చెప్పాడు. "నేను మాట్లాడుతుంటే వెనక్కి జరగని మనిషి ఈ ఆఫీసులో మీరొక్కరే మేడమ్. ఆ మాట మీకు చెప్పడానికే ఇవాళ ఇంత శుభ్రంగా తోముకున్నాను. నేనిలా నిలబడి మాట్లాడుతున్నానంటే మీ దయ, మా ఆవిడ దయ, మా అమ్మాయి దయ." ఇంజనీరు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

మేడమ్‌గారు ఆయన్ని పైనుంచి కిందికి చూశారు. "ఇన్నేళ్ళలో నీ పళ్ళు ఇవాళే చూశాను. బాగున్నాయి" అన్నారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, "థాంక్స్ నేను చెప్పాలయ్యా. నా చెవి ఉందో పోయిందో తెలియకుండా ఇంటికెళ్తాననుకున్నాను. చివరి రోజున నాకో సిసలైన చప్పుడు వినిపించావు" అని కడ్డీ ఆయన చేతిలో పెట్టారు. పెద్దసారు క్షమాపణ చెప్పి, గొయ్యి సంగతి తాను చూసుకుంటానన్నారు. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఆయన పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఆ వరండాలో ఉంది.

వీధికి మళ్ళీ నీళ్ళు వదలాలన్న సంగతి మాత్రం, ఒక చెంప మీద నురగ ఎండిపోయిన ముఖ్య అతిథి లేచి అడిగేదాకా, నీటి సరఫరా ఆఫీసులో ఎవరికీ గుర్తురాలేదు.