షినాస్‌లో పుట్టిన మొగుడు

ఆ గురువారం పొద్దున నిజాముద్దీన్ పెట్టుకున్న పనులు మూడే. ఇంట్లో ఒక అబద్ధం, ఆఫీసులో ఒక అబద్ధం, మధ్యలో ఒక ఫోటో. మూడూ సవ్యంగా జరిగితే సాయంత్రానికి అమెరికా గడపలో ఒక కాలు పెట్టినట్టేనని అతని లెక్క. అద్దం ముందు నిలబడి కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ, తన తెలివికి తానే ముచ్చటపడ్డాడు.

"ఈరోజు గోదాములో సరుకు లెక్కింపు ఉంది. వచ్చేటప్పటికి సాయంత్రమవుతుంది," అన్నాడు భార్యతో.

"సరుకు లెక్కబెట్టేదానికి కొత్త చొక్కా ఏంటికి?" అంది జాహిదా.

"ముదీర్ వస్తాడు." మేనేజరు పేరు చెబితే గల్ఫ్‌లో ఏ అబద్ధానికైనా ఇస్త్రీ చేసినట్టుంటుంది. జాహిదా ఇంకేమీ అడగలేదు.

నిజాముద్దీన్ తండ్రి ఒకప్పుడు షినాస్‌లో దర్జీ. కొడుకు అక్కడే పుట్టి, కొన్నాళ్ళు అక్కడే చదివి, కడపకు వెళ్ళి పెరిగి, మళ్ళీ ఒమాన్‌కే వచ్చి ఘాలాలో ఒక స్పేర్ పార్టుల కంపెనీలో లెక్కలు రాస్తున్నాడు. కాపురం బౌషర్‌లో. పుట్టిన దేశమే అయినా గడువుకోసారి వీసా పొడిగించుకుంటే తప్ప ఉండనివ్వదు. ఇక లెక్కల ఉద్యోగాలన్నీ ఈ దేశస్తులకేనని, వచ్చే వేసవికి ఇతని వీసా పొడిగించరని కంపెనీలో గుసగుసలు మొదలయ్యాయి. వేసవి తలుచుకుంటే మొగుడూ పెళ్ళాలిద్దరికీ ముద్ద దిగడం లేదు.

ఆశ ఉన్నదల్లా ఒక్కచోటే. అమెరికావాళ్ళు ఏటా వేసవిలో కొన్ని దేశాలవాళ్ళకు లాటరీ తీసి శాశ్వత నివాసం ఇస్తారు. ఇండియాలో పుట్టినవాళ్ళకు అందులో చోటు లేదు. ఒమాన్‌లో పుట్టినవాళ్ళకు ఉంది. ఒమాన్ నిజాముద్దీన్‌ను ఇండియావాడంది, కడప గల్ఫ్‌వాడంది. ఒమాన్‌వాడని ఒప్పుకున్నది అమెరికా ఒక్కటే. అది తెలిసిన రోజు నుంచి అతని నడకే మారిపోయింది.

"కడపలో పుట్టినోళ్ళకు ఆ లైన్లో నిలబడే హక్కు కూడా లేదు, తెలుసునా?" అని భార్యను నిరుడంతా దెప్పాడు. దెప్పడమే తప్ప దరఖాస్తు వేయలేదు.

ఈ ఏడు వేయాలనుకున్నాడు. అయితే గుట్టుగా. నిరుడు ప్రమోషన్ వస్తుందని ముందే నలుగురికీ చెబితే, అది ఆ నలుగురిలో ఒకడికి వచ్చింది. దిష్టి అంటే ఏమిటో అప్పుడు బాగా అర్థమైంది. అందుకే ఈసారి భార్యకు కూడా చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టుతోనే ఆగుతూ ఆగుతూ, రాత్రి ఎనిమిదింటికి గడువు తీరిపోయే రోజు దాకా వచ్చాడు.

ఆఫీసులో ముదీర్ అజ్మత్ సాబ్ హైదరాబాద్ మనిషి, ఉత్త జాలిగుండె. ఆయన జాలిపడ్డాడంటే ఎవరికో ఒకరికి మూడిందన్నమాటే. "మా ఆవిడకు బాగాలేదు సాబ్, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి," అనగానే ఆయన కళ్ళు చెమర్చాయి. "జావ్ మియా, జావ్," అని భుజం తట్టి పంపించాడు. అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. వ్యాను డ్రైవరు గణపతిని పిలిచి, బౌషర్ వైపు సరుకు దించాక ఒక పండ్ల బుట్ట నిజాముద్దీన్ ఇంట్లో ఇచ్చి రమ్మన్నాడు.

నిజాముద్దీన్ స్టూడియోకు వెళ్ళాడు. కళ్ళద్దాలు తీసేయాలని నియమం. తీస్తే అతనికి గోడకూ గొడుగుకూ తేడా తెలియదు. కెమెరా అనుకుని మూలనున్న ఫ్యాను వైపు చూసి నవ్వుతుంటే, ఫోటోగ్రాఫరే వచ్చి గడ్డం పట్టుకుని ఇటు తిప్పాడు. గాజు తలుపు అవతల, రోడ్డు మీద వ్యాను ఆపుకుని టీ తాగుతున్న గణపతి ఇదంతా చూసి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఇతనికి ఎలా కనిపిస్తుంది?

దరఖాస్తుకు జతచేయాల్సిన పెళ్ళాం ఫోటో పాతదొకటి ఫోన్‌లోనే ఉంది. పక్కనే టైపింగ్ సెంటర్లో కూర్చుని దరఖాస్తు వేయించాడు. నమోదైందని చూసుకున్నాక రెండు చేతులూ ముఖానికి ఆనించుకున్నాడు. మిఠాయి కొట్లో హల్వా కట్టించుకుని, ఎవరికీ చెప్పుకోలేని సంతోషంతో సాయంత్రం దాకా ఒంటరిగా తిరిగాడు.

ఈలోగా గణపతి పండ్ల బుట్టతో తలుపు కొట్టాడు.

"పానం ఎట్లున్నది వదినా? సార్ పండ్లు పంపిండు."

"నా పానానికేమైంది?"

"గదేంది, దవాఖానకు తీస్కపోవాలె అని నిజాం భాయ్ చుట్టీ పెట్టిండు గదా. భార్యకు బాగలేదన్నడట."

జాహిదా బుట్ట వైపు చూసింది. తన వైపు చూసుకుంది. ఒంట్లో ఎక్కడా నలత లేదు.

"ఏ భార్యకు?" అని అడిగింది.

సొంతూరు జగిత్యాలలో ఇలాంటి ప్రశ్న గణపతిని ఎవరూ అడగలేదు. కంగారులో మాట మార్చబోయి ఇంకో అడుగు బురదలో వేశాడు. "నాకేం ఎర్క వదినా? పొద్దుగాల స్టూడియోల జూసిన. కొత్త అంగి ఏస్కొని, కండ్లద్దాలు తీసి, మస్తు నవ్వుకుంట ఫోటో దిగుతుండు."

కొత్త చొక్కా, అద్దాల్లేని ఫోటో, ఆసుపత్రిలో ఒక భార్య. లెక్కలు మొగుడి వృత్తే అయినా కూడిక జాహిదాకే త్వరగా తేలింది. "నువ్వు యాడికీ పోవద్దు. సాక్షివి," అని గణపతిని సోఫాలో కూర్చోబెట్టి, చేతికి చాయ్ ఇచ్చి, కడపలో ఉన్న తల్లి వజీరున్నీసాకు ఫోన్ చేసింది.

తల్లి కూతురి కంటే అనుభవజ్ఞురాలు. "ఆసుపత్రి అంటే రోగమే అనుకుంటివా పిచ్చిదానా? కాన్పు!" అంది. "నువ్వు నోరు తెరవద్దు. తమ్మున్ని పిలిపించు."

తమ్ముడు కమ్రాన్ షినాస్‌లో సెల్‌ఫోన్ల కొట్టు నడుపుతున్నాడు. కబురు అతనికి చేరేసరికి బిడ్డ పుట్టింది. అతను టాక్సీ ఎక్కి, దారిలో తల్లితో రెండుసార్లు మాట్లాడి, బౌషర్‌లో దిగేసరికి కవలలయ్యారు.

చీకటి పడుతుండగా నిజాముద్దీన్ హల్వా పొట్లంతో ఇంటికొచ్చాడు. బావమరిది, గణపతి, పండ్ల బుట్ట.

"ఎవరికి బాగాలేదు?" అన్నాడు.

"మేమూ అదే అడుగుతాండాము," అన్నాడు కమ్రాన్. "దుల్హాభాయ్, మొగబిడ్డలా ఆడబిడ్డలా?"

ఆ ఇంట్లో మామూలు మాటలు ఉర్దూలో నడుస్తాయి. తగాదా మాత్రం కడప తెలుగులోనే. జాహిదా 'మీరు' వదిలేసి 'నువ్వు'లోకి దిగింది. "ఎవరామె? ఎప్పటినించి నడుస్తాంది ఈ యవ్వారం?"

నిజాముద్దీన్‌కు సంగతి కొంచెం కొంచెంగా అర్థమైంది. ఒట్టు గుర్తొచ్చింది. "అబద్ధం చెప్పిన మాట నిజమే. కారణం మాత్రం ఇప్పుడు చెప్పకూడదు. వేసవిలో తెలుస్తుంది, అంతదాకా ఓపిక పట్టండి."

"వేసవిలోనా? అంటే ఇంకా పుట్టలేదా?" అన్నాడు కమ్రాన్, వేళ్ళ మీద నెలలు లెక్కపెడుతూ.

జాహిదా మంచం కింది సూట్‌కేసు బయటికి లాగింది. కోపంగా లాగితే అతను భయపడేవాడు కాదు. ఏడుస్తూ లాగింది. "వీసా పోతే పోనీ, ఇద్దరం కలిసి గంజి తాగుదామనుకున్న్యా. నాకు తెలియకుండా నీకింకో బతుకుందని తెలిసినాక ఇంకేముంది?" అంది. నిజాముద్దీన్‌కు ఆ ఏడుపు ముందు అమెరికా చాలా చిన్న దేశంలా కనిపించింది. జేబులోంచి ఫోటో తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"బిడ్డా లేదు, గిడ్డా లేదు. అమెరికా లాటరీకి వేసినా. దిష్టి తగులుతుందని చెప్పలేదు."

జాహిదా ముఖం వెలిగింది. వెలిగినంత వేగంగానే ఆరింది.

"నీ పేరు మీదనేనా?"

"నేను కాక ఈ ఇంట్లో ఒమాన్‌లో పుట్టినోళ్ళు ఇంకెవరుండారు?"

"నీ పేరు మీద నేను మొదట్లోనే కమ్రాన్‌తో ఏయించినా. నిరుడు మాదిరే మాటలతో సరిపెడతావని. చెబితే ఊరంతా చాటిస్తావని."

కమ్రాన్ ఫోన్ తీసి నియమాలు చదివాడు. ఒక మనిషి పేరు మీద ఒకటే ఉండాలి. రెండు పడితే రెండూ చెల్లవు. కావాలని వేశారా, ప్రేమతో వేశారా అన్న విచారణ లేదు. నిజాముద్దీన్ హల్వా పొట్లం ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. ఇంక దాచుకునేది ఏమీ లేదు గనుక ఏడ్చేశాడు.

"ఆగండి, ఆగండి," అన్నాడు కమ్రాన్ ఇంకా చదువుతూ. "మొగుడు పుట్టిన దేశాన్ని పెండ్లాం చెప్పుకోవచ్చంట. ఆపా పేరు మీద ఏద్దాము. అప్పుడు ఆపా అసలు మనిషి, మీరు ఆమె తోక."

లైన్లో నిలబడే హక్కు లేని కడప మనిషి కళ్ళు తుడుచుకుని లేచింది. ఎనిమిదింటికి ఇంక కాస్తే ఉంది. పాత ఫోటో చాలన్నాడు మొగుడు. ఆమె ఒప్పుకోలేదు. "అది పక్కన నిలబడేదాని ఫోటో. ఇప్పుడు పెత్తనం నాది," అంది. వెనక తెల్లగా ఉండాలి. ఇంట్లో దుప్పట్లన్నీ పూలవే. చివరికి నిజాముద్దీన్ తెల్ల లుంగీని ఒక అంచు అతను, ఒక అంచు గణపతి పట్టుకుని గోడకు అదిమారు. "పైకి పట్టు... ఇంకొంచెం... కిందికి జారిస్తే అమెరికాకు నువ్వు రావు," అని మొగుడికి జాగ్రత్తలు చెబుతూ జాహిదా మూడుసార్లు ఫోటో తీయించుకుంది. కమ్రాన్ వివరాలు కొట్టి పంపించాడు. నమోదైందని తెరమీద కనబడగానే నలుగురూ ఒక్కసారి అరిచారు. గణపతికి కూడా హల్వా దక్కింది.

అప్పుడు గుర్తొచ్చి తల్లికి ఫోన్ చేశారు.

"బిడ్డలెవరి పోలిక?" అంది వజీరున్నీసా.

జాహిదా నవ్వుతూ అంతా చెప్పింది. "ఇప్పుడే నా పేరు మీద ఏసినాం అమ్మీ. దువా చెయ్. ఎవరికీ చెప్పొద్దు."

అవతల వజీరున్నీసా నెత్తి కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

"నీ పేరు మీదనా? ఎంత పని చేస్తిరే! పోయిన జుమ్మానాడే ఈడ నెట్ సెంటర్లో, నీ మొగుడు పుట్టిన దేశం రాయించి, నీ పేరు మీద నేను ఏయించినా. నీ మొగుణ్ణి నమ్ముకుంటే ఎప్పటికి ఏస్తాడు?"

"ఒక్క మాట మాకు చెప్పకూడదా అమ్మీ?"

"చెబితే దిష్టి తగలదా?"

గోడ గడియారంలో ఎనిమిదైంది. లుంగీ అంచు ఇంకా వదలని గణపతి, "నేనిగ పోవచ్చా వదినా?" అని మెల్లగా అడిగాడు.

అంత జాగ్రత్తపడ్డ ఆ ఇంటికి దిష్టి మాత్రం తగల్లేదు.