సున్నా యూనిట్ల పాడి

విద్యుత్ పొదుపులో అందరికీ దారి చూపిన ఆదర్శ పశువులశాలగా మన పాలక్క శాల ఎంపికైందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. అక్కడిప్పుడు కరెంటు ఖర్చు సున్నా. పాలు కూడా సున్నానే, ఆ సంగతి తర్వాత.

పాలక్క చేసిన తప్పు ఒక్కటే. పితికిన పాలు వెచ్చగానే వెళ్లి చల్లబరిచే ట్యాంకులో పడుతుంటే కరెంటు తెగ కాలుతోంది, ముందు వాటిని చన్నీళ్ల గొట్టాల మధ్య పారించి కాస్త చల్లార్చే ఏర్పాటు చేయండని పొదుపు కార్యాలయాన్ని అడిగింది. పథకంలో సన్మానాలకు నిధులున్నాయి గానీ గొట్టాలకు లేవు. దయగల కార్యాలయం కనక ఉన్నదే ఇచ్చింది. ఆమె శాలలోనే పొదుపు సభ పెట్టింది.

పేడ మీద ఎర్ర తివాచీ పరిచారు. పట్టపగలు రంగుదీపాలు వెలిగించారు. పెద్దలకు చెమట పట్టకుండా కూలర్లు దించారు. మీటరుకు శ్రమ కలగకూడదని తీగను నేరుగా వీధి స్తంభానికే తగిలించారు. అంతా బాగుంది, మైకే గురగురమంది. కరెంటు చాలడం లేదని పాల ట్యాంకు స్విచ్చి ఆపేశారు.

పాలక్క పరిగెత్తుకొచ్చింది. "అయ్యా, ఆపకండి! పాలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకొక్కసారి పులిస్తే నా శాలకి పాల వ్యానే రాదన్నారు డెయిరీవాళ్లు!"

"కాసేపు ఓర్చుకోమ్మా," అన్నాడు పొదుపు అధికారి. "ఉక్కపోస్తే అతిథులు లేచిపోతారు. పాలెక్కడికి పోతాయి?"

"ఎక్కడికీ పోవయ్యా, విరుగుతాయి!"

"ఆనందం పట్టలేకపోతోంది పాపం, కూర్చోబెట్టండి."

ఇక అధికారి ప్రసంగం. "సోదర సోదరీమణులారా! పొదుపంటే త్యాగం! అదిగో ఈ తల్లి ట్యాంకు మీటరు! చూడండి, కదలడం లేదు!" చప్పట్లు మారుమోగాయి. ట్యాంకు ఆపితే మీటరు ఆగుతుందన్న అల్ప విషయం ఎవరికీ అడ్డం రాలేదు. త్యాగం మీద ప్రసంగం పొద్దువాలేదాకా సాగింది. పాలక్క చేతిలో జ్ఞాపిక పెట్టి ఫొటో తీశారు.

వ్యాను డ్రైవరు వచ్చి ట్యాంకు మూత ఎత్తి, ముక్కు మూసుకున్నాడు. "పులిసిపోయాయక్కా. నా చేతుల్లో ఏం లేదు, పైవాళ్ల మాట."

"పోనీ, ఈ జ్ఞాపిక ఎక్కించుకుపోరా తమ్ముడూ. ఇది పులవదు."

వ్యాను మళ్లీ రాలేదు. ఆవులు అమ్ముడుపోయాయి. ఆ మీటరు నేటికీ కదలలేదు. కార్యాలయం దీన్ని 'శాశ్వత పొదుపు'గా గుర్తించి, మిగతా శాలలన్నిటికీ విస్తరిస్తోంది.

అధికారిని తిడుతున్నారా? ఆగండి. ఆ సభలో ముందు వరుసలో కూర్చున్నది మీరే. ఆమె అరుస్తుంటే "ఆ కూలరు కాస్త ఇటు తిప్పండి" అన్నదీ మీరే.