మా వదిన నీళ్లలోంచి పైకి వచ్చిన విధానం

నాగరికత అంటే మరేమీ కాదు, పైకి రావలసిన మనిషి మధ్యలో ఆగి, ఆగినందుకు సంతోషించడమే. ఈ సత్యాన్ని గుర్తించి దానికో రబ్బరు ముద్ర చేయించిన ఘనత లోతు అనుమతుల మండలిది. మండలి ఆఫీసు లిఫ్టు లేని భవనంలో నాలుగో అంతస్తులో ఉంది. (సముద్రం లోతుకు వెళ్లాలనుకునేవాళ్లు ముందు అక్కడికి ఎక్కాలి.)

మా వదిన పళ్ల డాక్టరు. ఆవిడకు ఈ మండలితో పని పడటానికి కారణం ఒక ఓడ. ఎప్పుడో కుట్టుమిషన్ల లోడుతో మునిగిపోయిన సరుకు ఓడ ఒకటి, సరదాగా మునకలేసేవాళ్లకు అందని లోతులో పడి ఉంది. ఎవరో తీసిన దాని ఫోటో చూసినప్పటి నుంచి వదిన మనసు మనసులో లేదు. సముద్రం అడుగున అన్ని కుట్టుమిషన్లు ఎలా ఉంటాయో చూసి తీరాలని భోజనాల దగ్గర రోజూ అనేది. ఇంట్లో ఉన్నదాని వైపు ఏనాడూ చూడలేదు కదా అని మా అన్నయ్య నోరుజారాడు. ఆ రాత్రే వదిన మండలి నడిపే లోతు మునకల కోర్సుకు దరఖాస్తు పెట్టింది.

అంత లోతుకు దిగడం పెద్ద విషయం కాదట. పైకి రావడమే విషయం. లోతులో పీల్చిన గాలి ఒత్తిడికి ఒంట్లోకి ఇంకుతుంది. నిదానంగా పైకొస్తే ఊపిరితో పాటు మర్యాదగా బయటికి పోతుంది. గబగబా వస్తే మూత తీసిన సోడాలాగా రక్తంలో బుడగలు లేస్తాయి. మనిషి బతకొచ్చు, బతక్కపోవచ్చు. అందుకని దారిలో చెప్పిన చోటల్లా, చెప్పినంతసేపు, నీళ్లలో వేలాడుతూ ఊరికే ఉండాలి. ఈ ఊరికే ఉండటాన్ని శాస్త్రీయంగా నేర్పేదే ఆ కోర్సు.

దరఖాస్తు యాప్‌లోనే నింపాలి. 'తొందరపాటు ప్రాణాంతకం' అని పైన ఎర్రటి అక్షరాలు. 'త్వరగా నింపండి, సమయం ముగుస్తోంది' అని కింద ఇంకా ఎర్రటి అక్షరాలు. వదిన పై వాక్యాన్ని శ్రద్ధగా చదువుతుంటే కింది వాక్యం ఆవిడను బయటికి గెంటేసేది. చివరికి ఏదీ చదవకుండా నింపితే దరఖాస్తు ఆమోదం పొందింది. ఆ తర్వాత హామీపత్రం. నీళ్లలో పోతే తన ఇష్టంతోనే పోయినట్టు, పోయాక మండలి మీద ఫిర్యాదు చేయనట్టు సంతకం పెట్టాలి. (రెండో షరతును ఇంతవరకు ఒక్కరూ ఉల్లంఘించలేదని మండలి గర్వంగా చెప్పుకుంటుంది.)

నేర్పే ఆవిడను అందరూ లంగరు మేడం అనేవారు. ఓడల అడుగున వెల్డింగ్ పనులు చేసి రిటైరైన మనిషి. మాట పొదుపు. ఈతకొలనులో వదినను ముంచి, కళ్లద్దం ఊడబీకి, చీకట్లో తడుముకుంటూ సిలిండర్ మార్చమనేది. సిలిండర్ మీది గుర్తు తడిమి చూసుకోకుండా దాని గొట్టం నోట్లో పెట్టుకుంటే ఆ రోజుకి పాఠం బంద్. లోతుకు తగని గాలి పీలిస్తే నీళ్లలోనే ఫిట్స్ వస్తాయి కాబట్టి ఆ విషయంలో ఆవిడ దగ్గర దయాదాక్షిణ్యాలు ఉండేవి కావు.

వదినకు అన్నీ పట్టుబడ్డాయి, ఊరికే ఉండటం తప్ప. ఒకచోట నిలవమంటే బెండులా తేలేది, లేదా ఇటుకలా దిగేది.

"మీరు ఏదో చేస్తున్నారు. చేయకండి" అనేది లంగరు మేడం.

అప్పటి నుంచి వదిన సాయంత్రాలు హాల్లో బోర్లా పడుకుని, మోకాళ్లు మడిచి, కదలకుండా సాధన చేసేది. అన్నయ్య ఆవిడను జాగ్రత్తగా దాటి వెళ్లి ఫ్రిజ్ తెరిచేవాడు. చుట్టాలొస్తే, ఆవిడ చదువుకుంటోందని చెప్పేవాడు.

నీళ్లలోకి జంటగానే దిగాలన్నది నియమం. వదినకు జతగా ఒక జిమ్ ట్రైనర్‌ను వేశారు. అందరూ ఆయన్ని కండలు అని పిలిచేవారు, ఆయనకూ ఆ పేరే ఇష్టం. రెండేసి సిలిండర్లు చంకన పెట్టుకుని పడవ మీద అటూ ఇటూ తిరిగేవాడు. చూసేవాళ్లకు వదిన మీద జాలి కలిగేది.

ఆఖరి పరీక్ష ఆ ఓడ దగ్గరే. మార్కులు వేయవలసినవారు నిదాన నియంత్రణాధికారి. ఆయనకు నీళ్లు పడవు కాబట్టి, లంగరు మేడం ఛాతీకి కట్టిన కెమెరా తీసిన వీడియోను నాలుగో అంతస్తులో కూర్చుని చూస్తారు. మాట వినిపించదు. (నీళ్లలో మాట ఉండదు కనుక ఈ ఏర్పాటు లోపరహితమని మండలి అభిప్రాయం.)

దిగారు. ఓడ పక్కకి ఒరిగి ఉంది. లోపల కుట్టుమిషన్లు వరసలు వరసలుగా, ఒళ్లంతా నాచుతో, ఎవరో వచ్చి కూర్చుంటారని ఎదురుచూస్తున్నట్టు ఉన్నాయట. ఒక మిషన్ సూది కిందినుంచి చిన్న చేప దూరి అవతలికి వెళ్లింది. వదిన ఒక చక్రం మీద వేలు పెట్టి చూసింది. తిరగలేదు. అయినా ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆవిడ వేలు గాలిలో చక్రం తిప్పుతుంది.

తిరుగు ప్రయాణంలో మొదటి ఆగుళ్లు బాగానే గడిచాయి. ఆఖరిది అన్నిటికన్నా పొడవు. అక్కడ వెలుతురు ఉంది, తలెత్తితే పడవ అడుగు కనిపిస్తుంది. కండలు తలెత్తాడు. పడవను చూశాడు. అంతే, ఆయన కళ్లు పెద్దవయ్యాయి, ఊపిరి జోరందుకుంది, కాళ్లు పైకి తన్నడం మొదలుపెట్టాయి.

నోట్లో సామాను పెట్టుకుని, కళ్లు ఇంతింత చేసుకుని, లేచి పారిపోవాలని చూసే మనిషి వదినకు కొత్త కాదు. ఆవిడ ఒక చేత్తో ఆయన పట్టీ దొరకబుచ్చుకుని, రెండో చెయ్యి భుజం మీద వేసి, కళ్లలోకి చూస్తూ తల నిదానంగా ఊపింది. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపించింది, ఇంకొంచెమే అన్నట్టు. కిందినుంచి వచ్చిన లంగరు మేడం ఒక క్షణం చూసి, చెయ్యి వేయకుండా పక్కనే నిలబడింది. ఆయన ఊపిరి దారిలో పడింది. చెప్పినంతసేపూ ఆగి, ముగ్గురూ క్షేమంగా తేలారు.

పడవ మీద కండలు తువ్వాలులో ముఖం దాచుకున్నాడు.

"డాక్టర్ గారూ, నిజంగా ఇంకొంచెమే ఉందనుకున్నానండీ" అన్నాడు తువ్వాలులోంచి.

"లేదు. చాలా ఉంది. నేను అందరికీ అంతే చూపిస్తాను" అంది వదిన.

లంగరు మేడం నవ్వడం ఆ రోజే చూశానని పడవ నడిపేవాడు చెప్పాడు.

ఫలితాలు యాప్‌లో వచ్చాయి. కండలు ప్రత్యేక ప్రశంసతో ఉత్తీర్ణుడు: ఆపద సమయంలో ఉన్నచోటనే ఉన్నాడు. వదిన ఫెయిల్: ఊరికే ఉండవలసిన చోట పని చేసింది.

ముగ్గురూ కలిసి నాలుగో అంతస్తుకు ఎక్కారు. ఆవిడ పట్టుకోకపోతే ఆ అభ్యర్థి ఈపాటికి ఉండేవాడు కాదని లంగరు మేడం వివరించింది. ఆ విషయం వీడియోలో వినపడలేదని నియంత్రణాధికారి విచారం వెలిబుచ్చారు. అప్పుడు కండలు పాసైనందుకు ఇచ్చిన అనుమతి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను భయపడ్డాను సార్. ఇది ఆవిడకివ్వండి."

అధికారి ఆ కార్డును తిప్పి చూసి, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి మండలిలో ఇంకా మొదలవలేదని చెప్పి, ఆయన చేతిలోనే పెట్టారు. వదిన తిరిగి పరీక్షకు దిగవచ్చు. కాకపోతే రెండోసారి దిగేవారి పక్కన నీళ్లలోనే ఒక పరీక్షకుడు ఉండాలి, అందుకు ప్రత్యేక ప్రశంస పొందినవారే అర్హులు. అలాంటి అర్హుడు ఆ తీరం మొత్తానికి ఒక్కరే ఉన్నారు, ఆయన అదృష్టవశాత్తు ఆ గదిలోనే ఉన్నారు.

రెండోసారి కూడా కుట్టుమిషన్లు చూశారు. రెండోసారి కూడా ఆఖరి ఆగుడులో కండలు తలెత్తాడు, వదిన భుజం పట్టుకుంది, కాకపోతే ఈసారి పరీక్షకుడి అనుమతితో.

వదిన పాసైంది. సమర్థుడైన పరీక్షకుడు పక్కనుండటం వల్ల అభ్యర్థికి ధైర్యం చిక్కిందని మండలి కార్డు వెనక అచ్చువేసి ఇచ్చింది.