పన్నెండో రేజరు మంజూరు

గడ్డాన్ని ప్రకృతి ఉచితంగా ఇస్తుంది. దాన్ని గీసే రేజరును మాత్రం సమాఖ్య మంజూరు చేయాలి. ఈ సూత్రం తెలియని అజ్ఞానులు లోకంలో ఇంకా కోట్ల మంది ఉన్నారు. పొద్దున్నే లేచి, చేతికందిన రేజరుతో నాలుగు గీతలు గీసుకుని, ముఖం కడుక్కుని పనుల్లోకి పోతుంటారు. (వాళ్ళ ముఖాలు నున్నగానే ఉంటాయి. అది వేరే విషయం.)

మా బావ ఆ కోవకు చెందడు. ఆయన 'తడి క్షవర సాధకుల సమాఖ్య'లో శాశ్వత సభ్యుడు. సమాఖ్య అంటే భవనమూ బోర్డూ ఉన్నదేమీ కాదు. ఫోన్లో ఒక యాప్, అందులో కొన్ని వందల మంది మగాళ్ళు, వాళ్ళ నురగ ఫొటోలు. సబ్బు మీద బ్రష్షు కుడివైపు తిప్పాలా ఎడమవైపు తిప్పాలా అన్న విషయం మీద అక్కడ ప్రాణస్నేహాలు పుట్టాయి, మాటలు ఆగిపోయాయి. బావ దగ్గర పదకొండు రేజర్లున్నాయి. స్నానాలగది అలమరాలో ఒక్కొక్కటీ మెత్తటి గుడ్డ మీద పడుకుని ఉంటుంది. అదే అలమరాలో మా అక్క దువ్వెనకు చోటు దొరకలేదు. అది కిటికీ గట్టు మీద కాపురం చేస్తోంది.

రేజర్లలో మూడు జాతులున్నాయని బావ చెబుతాడు. బ్లేడు అంచు కనిపించీ కనిపించనట్టు ఉంటే సాధువు. కాస్త తొంగిచూస్తే సంసారి. పూర్తిగా బయటపడి మీదికొస్తే రౌడీ. "మనిషికి ఒక రేజరు చాలదా బావా?" అని ఒకసారి అడిగాను. "మనిషికి ఒక బామ్మర్ది చాలు. రేజరు అలా కాదు" అన్నాడు.

ఇలా ఉండగా బావ వాళ్ళ నాన్నగారికి కుడిచేయి పడిపోయింది. పెద్దాయన హెడ్ క్లర్కుగా రిటైరైనవాడు. గడ్డం గీసుకోకుండా జీవితంలో గుమ్మం దాటి ఎరగడు. కొన్నాళ్ళు ఎడమచేత్తో తంటాలు పడ్డాడు. చుబుకం తెగి చొక్కా తడిసింది. ఒకరోజు నేనూ అక్కడే ఉండగా కొడుకును పిలిచాడు.

"ఒరే, ఆ అలమరాలోంచి ఏదో ఒకటి తీసి నా గడ్డం గీసిపెట్టరా. అద్దంలో ఎవరో పరాయివాడు కనిపిస్తున్నాడు."

బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నటన కాదు, నేను చూశాను. "ఏదో ఒకటా? నీ ముఖానికి ఏదో ఒకటా నాన్నా? నీకోసం కొత్తది తెస్తాను" అన్నాడు. తండ్రంటే ఆయనకు ప్రాణం. ఆ ప్రాణమే పెద్దాయన ప్రాణం మీదికి తెచ్చింది.

కొత్త రేజరంటే కొట్టుకెళ్ళి కొనేది అనుకునేరు. అలా కొన్నవాళ్ళను సమాఖ్యలో 'వినియోగదారులు' అంటారు. (ఇంతకు మించిన తిట్టు అక్కడ లేదు.) పద్ధతి తెలిసినవాడు 'తదుపరి రేజరు ఎంపిక విభాగా'నికి దరఖాస్తు పెట్టుకుంటాడు. దాని అధిపతిని అందరూ నురగ మాస్టారు అంటారు. ఆయన అసలు ముఖం ఎవరూ చూడలేదు. ఫొటోలో కళ్ళు తప్ప మిగతాదంతా నురగే. ఇప్పటికే ఉన్న రేజర్లు ఎందుకు పనికిరావో వివరిస్తూ లోటు నివేదిక సమర్పించాలి. గడ్డం వెంట్రుకలు ఏ చెంప మీద ఏ దిక్కుకు వాలుతున్నాయో పటం గీయాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది తటస్థ ముఖ నిబంధన: "ఎవరి ముఖము నిమిత్తము రేజరు ఎంపిక జరుగుచున్నదో, ఆ ముఖమును నిర్ణయము వెలువడు వరకు మరే బ్లేడూ తాకరాదు. తాకినచో దరఖాస్తు మొదటికి వచ్చును."

బావ ఇది చదివి వినిపించగానే పెద్దాయన తల పంకించాడు. "పద్ధతంటూ ఉన్నాక పాటించాలి" అన్నాడు. సర్వీసంతా జనాన్ని ఈ మాటతోనే వెనక్కి పంపినవాడు, తన వంతు వచ్చేసరికి కాదనలేకపోయాడు.

మా అక్కకు సమాఖ్య మీద భక్తి లేదు. మర్నాడు మగ్గులో వేడినీళ్ళు, ప్లాస్టిక్ రేజరు పట్టుకుని మామగారి మెడకు తువ్వాలు చుట్టింది. బావ పరుగెత్తుకొచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"ఒక్క గీత పడిందంటే దరఖాస్తు పోతుందే!"

"పోతే పోనీండి. పదకొండు రేజర్లు పెట్టుకుని కన్నతండ్రి గడ్డం గీయలేకపోయారు. పన్నెండోది వస్తే మాత్రం ఏం ఒరుగుతుంది?"

"నీకర్థం కాదు. నాన్న చర్మం పల్చన, వెంట్రుక మొరటు. ఇది చాలా అరుదైన కేసు. మాస్టారే స్వయంగా అన్నారు."

అరుదైన కేసని వినగానే పెద్దాయన ముఖం కాస్త వెలిగింది. తువ్వాలు తనే ఎడమచేత్తో తీసి కోడలికిచ్చాడు. "ఉండనీయమ్మా. ఫైలు కదిలింది కదా" అన్నాడు.

ఫైలు నిజంగానే కదిలింది. పల్చటి చర్మానికి సాధువే శరణ్యమని ఒక వర్గం, మొరటు వెంట్రుకకు సంసారి లేనిదే జరగదని ఇంకో వర్గం చీలిపోయాయి. రౌడీని పరిశీలించమన్న సభ్యుణ్ణి మానవత్వం లేదని సస్పెండ్ చేశారు. అంతా ఒక కొలిక్కి వస్తోందనగా ఎవరో పెద్ద ప్రశ్న లేవదీశారు. ముఖం తండ్రిది, చేయి కొడుకుది. అలాంటప్పుడు పిడి పొడవు ఎవరికి నప్పాలి? ఇటువంటిది సమాఖ్య చరిత్రలోనే లేదు కనుక విషయాన్ని ఉపసంఘానికి పంపారు. ఉపసంఘం బావను చేతి కొలతలు అడిగింది. బొటనవేలుకు వేరే పత్రం ఉంది.

ఈలోగా గడ్డం తన పని తాను చేసుకుపోయింది. దానికి ఉపసంఘాలు లేవు.

అప్పుడొచ్చింది పెన్షన్ల వాళ్ళ కబురు. పెన్షనరు బతికే ఉన్నానని ఏటా ఫోనుకు ముఖం చూపించి రుజువు చేసుకోవాలి. బావ ఫోను పట్టుకున్నాడు. పెద్దాయన అది చెప్పినట్టే కళ్ళార్పాడు, తల ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు. ఫోను ఆలోచించి, "ఈ వ్యక్తి మీరు కారు" అంది. దాని దగ్గరున్న ఫొటోలో ఆయన ముఖం అద్దంలా ఉంది మరి.

ముగ్గురం పెన్షను ఆఫీసుకు వెళ్ళాం. కౌంటర్ గుమస్తా పెద్దాయన్ని పైకీ కిందికీ చూశాడు.

"మనిషి బతికే ఉన్నాడని నాకు తెలుస్తూనే ఉందండీ. నాకు తెలిస్తే సరిపోదు కదా, యాప్‌కి తెలియాలి. గడ్డం గీయించి తీసుకురండి. గడువు దగ్గర పడింది."

"రేజరు ఇంకా మంజూరు కాలేదండీ" అన్నాడు బావ.

గుమస్తా నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ముఖంలో గౌరవం కనిపించింది. "పెండింగా? ఎక్కడుంది?"

"ఉపసంఘంలో."

"అయ్యో. అయితే ఆగాల్సిందే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఎదురుగా సెలూన్ ఉంది బావా. అయిదు నిమిషాల పని" అన్నాను. గుమస్తాతో సహా ముగ్గురూ నావైపు చూసిన చూపుకు, నేనేదో బూతు మాట్లాడానేమో అని నాకే అనుమానం వచ్చింది. చివరికి పెద్దాయనే నోరు విప్పాడు.

"చూడు నాయనా, ఫైలు చివరి టేబులు దాకా వచ్చింది. ఇప్పుడు వెనక్కి లాక్కుంటే ఇన్నాళ్ళు ఆగింది దండగే కదా. నా సర్వీసులో ఇలా తొందరపడి చెడిపోయినవాళ్ళను ఎంతమందిని చూశానో."

అయినా బావ ఊరుకోలేదు. నురగ మాస్టార్ని గడ్డం పుచ్చుకుని బతిమాలాడు. (నురగలో గడ్డం ఎక్కడుందో వెతుక్కుని మరీ.) అత్యవసర క్షవర నిబంధన ఉన్న మాట నిజమే. అయితే అది పెళ్ళి, ఉద్యోగం ఇంటర్వ్యూ, ముఖానికి ఆపరేషన్ ఈ మూడింటికే వర్తిస్తుందట. బతికి ఉండటం జాబితాలో లేదు. జవాబు చివర ఆయన, మీ నురగ ఫొటో పంపి చాలా రోజులైందని గుర్తుచేశాడు. గడ్డం కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇలాంటివాడే.

గడువు దాటింది. పెద్దాయన ఫోనుకే సందేశం వచ్చింది: "మీరు ఇక లేరని తెలిసి చింతిస్తున్నాము. ఈ సమాచారం మీకు ఉపయోగపడిందా?" ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, ఎడమచేతి బొటనవేలితో 'అవును' నొక్కాడు. అడిగినదానికి జవాబివ్వకపోవడం ఆయన పద్ధతి కాదు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. మా అక్క వంటింట్లో గిన్నెల మీద కసి తీర్చుకుంది. బావ అలమరా ముందు నిలబడి పదకొండు రేజర్లనూ చూస్తూ ఉండిపోయాడు. దేన్నీ ముట్టుకోలేదు.

చచ్చినవాణ్ణి బతికించడానికి పెన్షను ఆఫీసులో వేరే అధికారి ఉన్నాడు. పునరుజ్జీవ అధికారి. మంచివాడే. పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, రొమ్ము దాకా పెరిగిన గడ్డంతో సహా కొత్త ఫొటో తీశాడు. ఫోను ఆలోచించి, "స్వాగతం" అంది.

"ఇకమీదట ఇదే మీ ముఖం. మళ్ళీ మార్చడానికి రూల్సు ఒప్పుకోవు. ఒకసారి పోయినవాళ్ళు కదా, మీ విషయంలో యాప్‌కి అనుమానం ఎక్కువ. ఎప్పుడు పడితే అప్పుడు అడుగుతుంది" అని సాగనంపాడు.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో పార్సిల్ ఉంది. పన్నెండో రేజరు. సాధువుకూ సంసారికీ మధ్యస్థంగా, పిడి ఉభయులకూ నప్పేలా ఉపసంఘం ఏకగ్రీవంగా మంజూరు చేసింది. బావ దాన్ని రెండు చేతులతో కళ్ళకద్దుకున్నాడు. నీళ్ళు వేడిచేశాడు, బ్రష్షు నానబెట్టాడు, మెత్తటి నురగ తీశాడు. తువ్వాలు చుట్టబోతుంటే పెద్దాయన ఎడమచేత్తో కొడుకు మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దురా. ఇప్పుడు గీశావంటే మళ్ళీ చస్తాను."

అంతే అన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. మగ్గులో నురగ చల్లారి నీరుకారేదాకా బావ అలాగే నిలబడి ఉన్నాడు. సాయంత్రం పెద్దాయన కోడల్ని పిలిచి, తన గదిలో అద్దం తీసేయించాడు. దువ్వెనతోపాటు ఇప్పుడది కూడా కిటికీ గట్టు మీదే ఉంటోంది.

మంజూరైన రేజరు మీద సమీక్ష రాయకపోతే సభ్యత్వం రద్దవుతుంది. బావ రాశాడు: "నాన్నగారి కోసం తీసుకున్నాను. ఇంతవరకు ఒక్క గాటు కూడా పడలేదు. మంట లేదు. ఐదు నక్షత్రాలు."