ఎవరి పేర రాయించమంటారు?

కారులోంచి చెరిపేసిన కోడు గాల్లో కలిసిపోదు కాబట్టి, దాన్ని ఇంట్లో ఎవరో ఒకరి పేర రాయించుకోవాలి. మన దగ్గర ఇది అందరికీ తెలిసిన విషయమే. బండికి రోగం వస్తే లోపలి కంప్యూటరు ఒక కోడు రాసుకుని, డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మను పసుప్పచ్చగా వెలిగిస్తుంది. మెకానిక్ స్కానరు తగిలించి ఆ కోడు చెరిపేస్తాడు, బొమ్మ ఆరిపోతుంది. చెరిపిన కోడు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. అందుకే కోడ్ల బదలాయింపు కార్యాలయం ఉంది, దానికో క్యూ ఉంది, ఆ క్యూ తప్పించడానికి మనకు తెలిసినవాడొకడు ఉంటాడు.

గాజువాకలో ఉండే లోకనాథానికి ఈ అవసరం పోయిన వేసవిలో వచ్చింది. ఆయనది టర్బో కారు. టర్బో అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా కూరే చిన్న పంకా అని, కొన్న కొత్తలో చుట్టాలందరినీ కూర్చోబెట్టి వివరించాడు. రోడ్డెక్కి పరిగెత్తేటప్పుడు బండి బ్రహ్మాండంగా ఉండేది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు ఊగేది. స్టీరింగు వణికేది, అద్దంలో వెనక ఉన్న ఒక్క లారీ రెండుగా కనిపించేది. పసుప్పచ్చ బొమ్మ వెలిగింది. లోకనాథం దాని మీద నల్ల టేపు ముక్క అంటించాడు. కొన్నాళ్లు బాగానే ఉన్నట్టు అనిపించింది.

ఆ తర్వాత ఊపు మరీ ఎక్కువై, ఆటోనగర్‌లో గౌరినాయుడనే మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. స్కానరులో రెండు కోడ్లు వచ్చాయి.

"ఒకటేమో గాలెక్కువ, పెట్రోలు తక్కువ. రెండోది, మంట తప్పిపోతంది. ఏ సిలిండర్లోనో దానికీ తెల్దు," అన్నాడు గౌరినాయుడు.

"ఎందుకలా?"

"ఎందుకో ఎతకాలంటే బండి ఇక్కడే ఒగ్గేసి ఎల్లాల సార్. సెరిపెయ్యడమైతే ఇప్పుడే అయిపోద్ది. ఎవరి పేర రాయించమంటారు?"

ఎందుకో వెతికించుకున్న మనిషిని లోకనాథం తన జీవితంలో చూడలేదు. చెరిపెయ్యమన్నాడు.

సాయంత్రం ఇంట్లో చర్చ జరిగింది. నిబంధన ప్రకారం బండి నడిపే మనిషి కోడు తీసుకోకూడదు, చేతులు వణికితే ప్రమాదం. కాబట్టి లోకనాథం బాధతోనే తప్పుకున్నాడు. తల్లి సన్యాసమ్మకు మోకాళ్ల నొప్పులు. కూతురు ప్రణీతకు ఉద్యోగం ఇంటర్వ్యూలు. భార్య హైమావతి అప్పుడు వంటింట్లో చపాతీలు కాలుస్తోంది. ఆమెను ఎవరూ పిలవలేదు. పిలిచి అడగడానికి ఏమీ మిగల్లేదు. చపాతీలు తెచ్చినప్పుడు సంగతి చెప్పారు.

"కారు బాగైందా?" అని అడిగింది.

"లైటు ఆరిపోయింది."

"అది కాదండీ. బాగైందా అని."

ఒకే ప్రశ్న రెండుసార్లు ఎందుకు అడిగిందో లోకనాథానికి అర్థం కాలేదు. కాసేపు ఆలోచించి, వార్తలు పెట్టుకున్నాడు.

కార్యాలయంలో హైమావతి వేలిముద్ర తీసుకున్నారు. ఇంతకుముందు ఎవరివైనా మీ పేర ఉన్నాయా అని గుమాస్తా అడిగాడు.

"చిన్నప్పుడు మా నాన్నగారి స్కూటరుది ఒకటి ఉండేదండి. అప్పట్లో కాగితాలు లేవు, నోటిమాటే."

"అయితే అలవాటున్న మనిషే," అని గుమాస్తా సంతోషించి ముద్ర కొట్టాడు. బయటికి వచ్చేసరికి ఆమె రెండు కనుబొమల మధ్య ఇంజను బొమ్మ పసుప్పచ్చగా వెలుగుతోంది.

అంట్లు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా, బస్సు వెనక పరిగెత్తినా హైమావతికి ఏమీ ఉండేది కాదు. కూర్చుంటే మొదలు. ముందు వేళ్లు, తర్వాత భుజాలు, ఆ తర్వాత కుర్చీ. మాట మధ్యలో ఒక ముక్క తప్పిపోయేది. గాలెక్కువ, ఇంధనం తక్కువ కాబట్టి నిట్టూర్పులు ఎక్కువయ్యాయి, అన్నం తగ్గింది. అయితే ఆమె ఎప్పుడూ అందరి తర్వాతే తినేది కనక, అది కోడు వల్లనో, గిన్నెలో మిగలకపోవడం వల్లనో తేల్చడం కష్టమైంది.

డాక్టరు శ్రద్ధగానే చూశాడు. "పనిలో ఉన్నప్పుడు వణుకుందా?"

"లేదండి."

"కూర్చుంటేనే వస్తుందా?"

"కూర్చుంటేనే."

"అయితే కూర్చోకండి," అన్నాడు. మందులు కూడా రాయలేదు. ఇంటికొచ్చి చెబితే సన్యాసమ్మ ఆశ్చర్యపోలేదు. "కూకుంటే ఒల్లు పాడౌద్దని నానెప్పుడో సెప్పినాను," అంది.

లోకనాథాన్ని తికమక పెట్టిన విషయం వేరే ఉంది. కారు ఇంకా ఊగుతూనే ఉంది. భార్యను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని మళ్లీ గౌరినాయుడి దగ్గరికి వెళ్లాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఇద్దరూ ఊగేవారు, కారూ ఆవిడా. ఏది ఎవరి ఊపో ఆయన విడదీయలేకపోయాడు.

స్కానరులో ఒక్క కోడూ లేదు. "బండికేటీ నేదు సార్," అన్నాడు గౌరినాయుడు.

"ఊగుతోంది కదయ్యా!"

"ఊగుతాది. రోగం మాత్రం నేదు."

ఇద్దరూ ఈ మాటను అటూ ఇటూ తిప్పుతుండగా, కూర్చోలేక హైమావతి కారు దిగింది. బానెట్ తెరిచే ఉంది. లోపల ఎక్కడో పాలు పొంగబోయే ముందు వచ్చేలాంటి బుసబుస వినిపించింది. వంగి వెతికితే, ఇంజనులోకి గాలి వెళ్లే దారిలో ఒక రబ్బరు పైపు చీలి ఉంది. ఆ చీలిక మీద వేలు నొక్కిపెట్టింది. కారు ఊగడం ఆగిపోయింది. వేలు తీస్తే మళ్లీ ఊగింది.

"ఈ పైపు మార్చండి బాబూ," అంది.

గౌరినాయుడు జాలిగా చూశాడు. "కోడు లేని బండికి పైపెయ్యకూడదమ్మా, రూలొప్పుకోదు. కోడేమో మీకుంది. మీకు పైపెక్కడెయ్యాల?"

అందరూ కాసేపు దీని గురించి ఆలోచించారు. తప్పు ఎక్కడా కనిపించలేదు.

"ఏవండీ," అంది హైమావతి, "నాకొక్క పూట ఊరికే కూర్చోవాలనుందండీ. చేతిలో ఏ పనీ లేకుండా, కిటికీ పక్కన. ఇంకేం అక్కర్లేదు. మీరు గట్టిగా అడిగితే వేస్తాడు."

లోకనాథం గట్టిగా అడగడానికి నోరు తెరిచాడు. అడిగితే కోడు చెరిపించిన తప్పు ఎవరిదన్న మాట వస్తుందేమోనని తోచి, "వేలు పెడితే బాగానే ఉంది కదా, అంత అర్జెంటేం కాదులే," అన్నాడు. ఆమె వెళ్లి కారెక్కింది.

ఆ వారం చుట్టాలు వస్తారని తెలిసింది. వెలుగుతున్న నుదురుతో భార్య ఎదురొస్తే బాగుండదని లోకనాథం ఫ్యాన్సీ షాపుకు వెళ్లి బొట్టుబిళ్లలు అడిగాడు.

"ఎంత బండికి సార్?" అన్నాడు షాపతను.

"టర్బో."

"అయితే రూపాయి బిళ్లంత కావాల. ప్యాకెట్టే తీసుకోండి, ఇంట్లో ఆడపిల్లుంటే పనికొస్తాయి."

వెనక అరల్లో బళ్ల సైజుల వారీగా బొట్లు సర్ది ఉన్నాయి. స్కూటరుకు కందిగింజంతవి కూడా ఉన్నాయి. ఇంటికి వస్తూ ఆయన దారిలో ఆడవాళ్ల నుదుళ్లు చూశాడు. తన చిన్నప్పుడు అమ్మ చాలా పెద్ద బొట్టు పెట్టుకునేదని, ఒక్కచోట కూర్చుని ఎరగదని గుర్తొచ్చింది. నాన్నకు అప్పట్లో లారీ ఉండేది. ఈ రెండు సంగతులూ పక్కపక్కనే ఎందుకు గుర్తొచ్చాయో ఆయనకు బోధపడలేదు.

హైమావతి అద్దం ముందు నిలబడి బొట్టు అంటించుకుంది. పసుప్పచ్చ వెలుగు మాయమైంది. వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది.

"పోయిందా?" అని అడిగింది.

"కనిపించడం లేదు."

"అది కాదండీ. పోయిందా అని."

ఈ మాట ఇదివరకెక్కడో విన్నట్టు అనిపించింది లోకనాథానికి. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఈలోగా కుర్చీ కాళ్లు గచ్చు మీద టకటకలాడడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడుకు వార్తలు సరిగా వినిపించలేదు.

"కాస్త టీ పెడతావా?" అన్నాడు.

ఆమె లేచింది. చప్పుడు ఆగిపోయింది.

"చూశావా, తగ్గిపోయింది," అన్నాడు లోకనాథం, నిజంగానే సంతోషించి.