మామ చెబితే తుప్పు, ఫోను చెబితే గోళీ

వరద మా పాత వంతెనను ఎత్తుకుపోయింది చూడండి, దాని మరుసటి ఏడు నాకు జ్ఞానోదయమైంది. ఇంట్లో పెద్దవాళ్ల మాట వినకూడదు! వినాల్సింది ఫోను మాట!

నవ్వకండి. పెద్దవాడి మాటను ఆపి మళ్లీ మొదటినుంచి పెట్టుకోగలరా? నచ్చకపోతే వేలితో పక్కకు తోసెయ్యగలరా? పెద్దవాడికి మధ్యలో దగ్గొస్తుంది. ఫోనుకు రాదు.

మా బావమరిది వీడియో చూసి కుళాయి బిగించాడు. ఇప్పుడు వాళ్లింట్లో స్నానాల గదిలోనే కాదు, పడకగదిలో కూడా నీళ్లొస్తాయి. మా వీధి టైలరు వీడియో చూసి తన పన్ను తానే పీక్కున్నాడు. పీకింది పక్క పన్ను. నొప్పి పన్నుకు చోటు కలిసొచ్చింది!

ఇక మా అల్లుడు. ఆఫీసులో కుర్చీ ఉద్యోగం. వాళ్ల తాత నడిపిన కారొకటి ఉంది, పడవంత. దాని పవర్ స్టీరింగ్ గేర్ బాక్సు నూనె కారుస్తోంది. నేను నలభై ఏళ్లు అవే బాక్సులు విప్పి, బిగించి, పిల్లను పెంచినవాణ్ణి. అలాంటివాణ్ణి అడిగి ఇబ్బంది పెడతారా ఎవరైనా? వీడియో చూసి తానే విప్పాడు.

ఆ బాక్సులో ఇనప గోళీలుంటాయి. స్టీరింగ్ తిప్పితే మరచుట్టలో వరసగా పొర్లుతాయి. ఒకటి తెల్లగా మెరిసేది, పక్కన నల్లది, మళ్లీ తెల్లది, మళ్లీ నల్లది. నల్లది వెంట్రుకవాసి చిన్నది. బరువు మొయ్యదు, మెరవదు. ఇద్దరు తోడికోడళ్ల మధ్య కూర్చున్న మామగారిలా నోరు మూసుకుని దొర్లుతుంది. అది లేకపోతే తెల్లవి రెండూ ఒకదాన్నొకటి రాచుకుంటాయి, స్టీరింగ్ పట్టేస్తుంది.

అల్లుడు నల్లవన్నీ ఏరి చెత్తడబ్బాలో పోశాడు.

"నల్లవీ కావాలి" అన్నాను.

"అవి తుప్పు పట్టేశాయి మామయ్యా! అన్నీ కొత్తవి తెప్పించా. చూడండి, అద్దాల్లా ఎలా ఉన్నాయో!"

చూశాను. అద్దాల్లాగే ఉన్నాయి.

సాయంత్రం కారు వీధి చివర మలుపు తిరిగింది. తిరిగి, తిరిగినట్టే ఉండిపోయింది. టైలరు గోడకు జానెడు దూరంలో ఆగింది.

"కొత్తది కదా మామయ్యా, వాడగా వాడగా వదులవుతుంది. వీడియోలో ఆయన కూడా అదే అన్నాడు."

వీడియోలో ఆయన అన్నాక ఇంకేముంది! కాకపోతే ఎల్లుండి ఆ కారులో కొండ దారి దిగాల్సింది ఆయన కాదు, మా అమ్మాయి. అవతలి ఊరి ఆసుపత్రిలో నర్సు. ఆ దారిలో మలుపుకు టైలరు గోడ ఉండదు. గాలి ఉంటుంది.

అమ్మాయిని పెరట్లోకి పిలిచి చెప్పాను. దాని మొహం పాలిపోయింది.

"మరి ఆయనకు చెప్పొచ్చుగా నాన్నా!"

"చెప్పాను."

"ఎన్ని మాటలు?"

"రెండు."

"రెండు మాటలకు మనిషి వింటాడా? కనీసం కేకైనా వెయ్యలేకపోయావా?"

"అల్లుణ్ణా?"

"సరే, నువ్వు వెయ్యవు. నేను చెబితే పుట్టింటి పాట పాడుతున్నానంటాడు." అది కాసేపు గోళ్లు కొరికింది. "ఆయన వినేది ఒక్కదాని మాటే."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

మర్నాడు పొద్దున్నే నా షెడ్డులో పాత బాక్సొకటి విప్పాను. అమ్మాయి ఫోను పట్టుకుంది. మొహం వద్దన్నాను, చేతులు చాలు. తెల్ల గోళీ, నల్ల గోళీ. మాటలు నాకెలాగూ రావు, అక్షరాలు అదే అతికించింది. అల్లుడు రోజూ చూసే పాతకార్ల గ్రూపులో ఏదో పేరు పెట్టి వదిలింది.

టిఫిను ముగియకముందే అల్లుడు పరుగెత్తుకొచ్చాడు.

"మామయ్యా! ఎవరో మహానుభావుడు! ఆ వేళ్లు చూడండి, ఎంత అనుభవమో!"

ఆ వేళ్లు అతని ఎదురుగానే పళ్లెంలో ఉన్నాయి.

గంటలో బాక్సు కిందికి దిగింది. అందుకే చెబుతున్నాను, ముసలివాళ్లారా, ఫోను కొనుక్కోండి! పక్క గదిలో ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే ఇప్పుడదొక్కటే దారి.

అల్లుడు షెడ్డులో బాక్సు విప్పుకుని కూర్చున్నాడు. నేను పక్కన చతికిలపడి, చెత్తడబ్బాలోంచి ఏరి కడిగిన నల్ల గోళీలు ఒక్కొక్కటే అందించాను.

"జాగ్రత్తగా వినండి మామయ్యా. నల్లది తుప్పు కాదు. వెంట్రుకవాసి చిన్నది. అర్థమైందా?"

"ఓహో" అన్నాను.

"ఇంత చిన్న సంగతి మీ రోజుల్లో ఎవరూ చెప్పలేదా?"

లేదన్నాను. టార్చి ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నాను.