చవక ఇయర్‌ఫోన్లలో సంతోషమ్మ

తక్కువ ధర ఇయర్‌ఫోన్లలో కూడా శబ్దం ఆశ్చర్యకరంగా బాగుంటుందని మా పెద్దజాలదిన్నె గ్రామాభివృద్ధి సలహా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈ సంగతి రెండు జిల్లాల ప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. అదే సమావేశం ముందుకు తాగునీటి పైపు, బడి ప్రహరీ గోడ, శ్మశానం దారి కూడా వచ్చాయి గానీ, వాటిమీద సభ్యులకు మాట కలవలేదు. ఇయర్‌ఫోన్ల మీద మాత్రం ఎవరూ నోరెత్తలేదు. ఎత్తినా వినేవాళ్ళు లేరు, అందరి చెవుల్లోనూ అవే ఉన్నాయి.

మా ఊరు కోసిగికి దగ్గర. వాన తప్ప అన్నీ సకాలంలో వచ్చే ఊరు. చేలల్లో కోసుకోవడానికి ఇక్కడ ఏమీ ఉండదు కాబట్టి, జనం ఏటా మూటాముల్లె సర్దుకుని ఎవరి చేలో పంట ఉంటే అక్కడికి కోతకు పోతారు. దీన్నే మేము సుగ్గికి పోవడం అంటాము. పట్నాలవాళ్ళు వేసవి విహారానికి పోయినట్టే ఇదీ, కాకపోతే వంటపాత్రలు మేమే మోసుకుపోతాము, మిరపకాయలు కూడా మేమే కోస్తాము.

సంఘానికి గౌరవాధ్యక్షులు ఓబుళేశుగారు. ఆయన ఇంతవరకు ఏ ఎన్నికలోనూ నిలబడలేదు. నిలబడి గెలిచినవాళ్ళందరూ నేరుగా ఆయన అరుగు దగ్గరికే వచ్చి కూర్చుంటారు కాబట్టి ఆయనకు ఆ శ్రమ అవసరం పడలేదు. ఊళ్ళో ఉన్న తాళంచెవులన్నీ ఆయన మొలతాడుకే ఉంటాయి. నీళ్ళ మోటారు గది, భజన సామాను పెట్టె, బడి వెనక వలస పిల్లల కోసం కట్టిన హాస్టలు, అన్నీ. అమ్మానాన్నలు సుగ్గికి పోతే పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకోవాలన్న గొప్ప ఆశయంతో కట్టిన హాస్టలది. ప్రస్తుతం అందులో ఓబుళేశుగారి ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, ఉంటున్నాయి. ధర వచ్చేదాకా అవి ఊరు వదిలి పోలేవు కాబట్టి, వాటికి నీడ కల్పించడం కూడా ఆశయంలో భాగమేనని సంఘం అప్పట్లోనే వివరణ ఇచ్చింది.

ఓబుళేశుగారికి పాత నాటకాల పద్యాలు వినడమంటే ప్రాణం. బెంగుళూరు అల్లుడు ఆయనకు మంచి ఖరీదైన హెడ్‌ఫోన్ ఒకటి కానుకగా ఇచ్చాడు. రెండు కుక్కరు మూతలకు మధ్య కమ్మీ పెట్టినట్టుండేది. అది పెట్టుకుంటే తలగుడ్డ చుట్టుకోవడం కుదరదు, తలగుడ్డ చుట్టుకుంటే అది కుదరదు. మా ఎండలకు చెవుల్లోంచి చెమట కారేది. అయినా అల్లుడి గౌరవం కోసం, ధర మీద గౌరవం కోసం ఆయన దాన్ని భరిస్తూ, ‘అబ్బ, ఏం సౌండురా’ అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుండేవారు.

ఒకరోజు పత్తికొండ పెళ్ళికి పోతూ దాన్ని ఇంట్లో మరిచిపోయారు. దారిలో ఆదోని బస్టాండు దగ్గర కారు ఆపి, ఆయన అనుచరుడు, సంఘం ప్రచార కార్యదర్శి అయిన ప్రవీణ్, అక్కడి గోపన్న బడ్డీ బంకులో ఒక చవక ఇయర్‌ఫోన్ కొన్నాడు. దువ్వెనలకు, ఫోను కవర్లకు మధ్య వేలాడుతున్న సరుకు అది. ప్లేటు ఉగ్గాని, నాలుగు బజ్జీలు తినేవాడు ఆ పూట తినడం మానుకుంటే కొనుక్కోగలిగిన వస్తువు. ఓబుళేశుగారు దాన్ని కనీకనబడనట్టు చెవుల్లో దూర్చుకున్నారు. మద్దెల ఎడమ పక్క మోగింది. హార్మోనియం కుడి పక్క పలికింది. పద్యం చదివే ఆయన ఓబుళేశుగారి నడినెత్తిన నిలబడి చదివాడు. పత్తికొండ వచ్చినా ఆయన కారు దిగలేదు. పెళ్ళివారు అక్షింతలు కారు దగ్గరికే తెచ్చి ఇచ్చారు.

ఈ పరిణామం వల్ల ప్రజాసేవకు గొప్ప మేలు జరిగింది. ప్రతి సోమవారం ఓబుళేశుగారి అరుగు మీద వినతుల కార్యక్రమం ఉంటుంది. అంతకుముందు ఆయన జనం చెప్పేది వింటూ మధ్యలో విసుక్కునేవారు, అడ్డుప్రశ్నలు వేసేవారు, ఒక్కోసారి లేచి లోపలికి పోయేవారు. ఇప్పుడు తలగుడ్డ కింద ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చిరునవ్వుతో కూర్చుంటున్నారు. మద్దెల దరువుకు తల ఊపుతున్నారు. నిలబడి చెప్పుకునేవాడు ఆ తల ఊపడం చూసి పని అయిపోయిందనుకుని దండం పెట్టి పోతున్నాడు. ఇంత ఓపికగా వినే నాయకుడు జిల్లాలో లేడని పేరు వచ్చింది. పక్క ఊళ్ళ పెద్దలు కూడా గోపన్న బంకుకు మనుషులను పంపారు.

ఈ సుపరిపాలనకు ఒక్క సంతోషమ్మ వల్ల మాత్రం ఇబ్బంది కలిగింది. సంతోషమ్మ, ఆమె భర్త ఏసేపు కూలీలు. కూతురు ప్రసన్నకుమారి పదో తరగతి చదువుతోంది, బడిలో మొదటి వరుస పిల్ల. సంక్రాంతి దాటితే మొగుడూపెళ్ళాలు గుంటూరు పక్కకు మిరపకాయల కోతకు పోవాలి. హాస్టలు తాళం తీస్తే పిల్ల ఊళ్ళోనే ఉండి పరీక్ష రాస్తుంది. తీయకపోతే పుస్తకాలు మూటలో కట్టి వాళ్ళతోపాటు మిరప చేలోకి నడుస్తుంది. సంతోషమ్మ వరసగా సోమవారాలన్నీ వచ్చి ఈ ఒక్క మాటే చెప్పింది. ఓబుళేశుగారు వరసగా తల ఊపారు. ఊపిన తల ఊపినట్టే ఉంది, వేసిన తాళం వేసినట్టే ఉంది.

చివరికి ప్రవీణే జాలిపడి ఆమెను పక్కకు పిలిచాడు.

“అన్న చెవులు ఇప్పుడు ఫోన్లో ఉండాయక్కా. ఈడ నిలబడి చెప్తే పోదు. ఫోన్లోకి పంపియ్యి, చెవిలోకి పోతాది.”

అలా ప్రసన్నకుమారి ఇంటి ముందర ఫోను పట్టుకుంటే, సంతోషమ్మ దానికి మొక్కినట్టు నిలబడి చెప్పింది:

“అన్నా, దండాలు. ఏసేపు పెండ్లాన్ని, సంతోషమ్మను మాట్లాడతాండా. సుగ్గికి పోయే దినాలు వచ్చె. మా పాప పదోది సదువుతాండాది. బడి ఎనక హాస్టలుకు తాళమేసినారు. అది తీపిచ్చినారంటే పాప ఈడనే ఉండి పరీచ్చ రాసుకుంటాది. ల్యాకుంటే మాతోపాటు కాయలు కొయ్యనీకి రావల్ల. ఒంటి ఆడపిల్లను ఇంట్లో ఇడిసి యెట్ల పోదునన్నా. తాళంచెవి మీ తావనే ఉండాదంట. అంతేనన్నా.”

‘యెట్ల పోదునన్నా’ దగ్గర ఆమెకు గొంతు పూడుకుపోయింది. అదే సమయంలో దిబ్బ మీద ఒక కోడి కూసింది. ఈ రెండూ తరువాత చరిత్రలో నిలిచిపోయాయి.

మరుసటి ఉదయం ఓబుళేశుగారు అరుగు మీద కాఫీ తాగుతూ ఆ సందేశం విన్నారు. గ్లాసు కింద పెట్టారు. కళ్ళు తుడుచుకున్నారు.

“ప్రవీణా, మళ్ళా పెట్టు.”

“ఏందన్నా, హాస్టలు తాళం సంగతేనా?”

“తాళం కాదురా. ఆ ఎనకల కోడి. అది ఎంత దూరంలో ఉండాదో తెలుస్తాంది సూడు. ఆ యమ్మ ఊపిరి పీల్చేది గూడా యినపడతాంది.”

ఇంట్లోంచి బెంగుళూరు హెడ్‌ఫోన్ తెప్పించి దాంట్లోనూ విన్నారు. కోడి వినపడింది గానీ, ఊపిరి అంతగా అందలేదు. మళ్ళీ చవకదాంట్లో పెట్టారు. ఊపిరి వచ్చింది. ఓబుళేశుగారి జీవితంలో ధర మీద ఉన్న నమ్మకం ఆ ఉదయం కూలిపోయింది. ఆయన వెంటనే అత్యవసర సమావేశం పిలిచి, సభ్యులందరి చెవుల్లోనూ సంతోషమ్మను వినిపించి, మొదట చెప్పిన తీర్మానాన్ని ఆమోదింపజేశారు.

“పెద్దలారా,” అన్నారు ఆయన, “ఒక బీద తల్లి కష్టం ఇంత స్పష్టముగా వినగలిగే అదృష్టము మన తాతలకు లేదు, తండ్రులకు లేదు. మనకు దొరికినది. అదీ ఇంత అగ్గువకు. ఈ గొంతు నలుగురికీ చేరవలెనని నా మనవి.”

చేరింది. ప్రవీణ్ ఒక్క పూటలో తన ఫోన్లో ఉన్న గుంపులన్నింటికీ పంపాడు. కొత్త ఇయర్‌ఫోన్ కొన్నవాళ్ళు సంతోషమ్మను పెట్టి చూసుకోవడం మొదలైంది. ఆమె గొంతు వణుకు తెలిస్తే మంచి సరుకు, తెలియకపోతే నకిలీ. ఒంటిమిట్ట పోయే యాత్రికులు బస్సులో ఒకరి ఇయర్‌ఫోన్ ఇంకొకరు పెట్టుకుని పోల్చి చూసుకున్నారు.

కడపలో శ్రవణాభిరుచి మిత్రమండలి అని ఒకటుంది. పదవీ విరమణ చేసిన పెద్దమనుషులు ఆదివారం కలిసి మంచి శబ్దాలు వింటారు. వాళ్ళు సంతోషమ్మ మీద ప్రత్యేక సదస్సు జరిపారు. సంగీతం టీచరుగా చేసిన కృష్ణవేణమ్మగారు ‘యెట్ల పోదునన్నా’ అన్న చోట శ్వాస తెగిన తీరు శిక్షణతో వచ్చేది కాదని, అనుభవించాల్సిందేనని అభిప్రాయపడ్డారు. ఆ మాటకు సభలో చాలామంది కళ్ళు మూసుకున్నారు. కోడి ఎడమ పక్కన కూసిందా, కుడి పక్కన కూసిందా అన్నదానిమీద మాత్రం మాటామాటా పెరిగి, ప్రాంత సంప్రదాయం ప్రకారం మండలి రెండు వర్గాలుగా చీలిపోయింది. ఎవరి ఇయర్‌ఫోన్లు ఎవరు తిరగేసి పెట్టుకున్నారో విచారించడానికి ఉపసంఘం వేశారు. అది ఇప్పటికీ విచారిస్తోంది.

ఓబుళేశుగారు విని ఏడ్చారని తెలిసి సంతోషమ్మ ఆశపడింది. పోవాల్సిన ప్రయాణం ఆపింది. తోటి కుటుంబాలు లారీ ఎక్కుతుంటే, “తాళం తీస్తారు, పాపను చేర్పిచ్చి ఎనకనే వస్తాము” అని కూలీల మేస్త్రీకి చెప్పింది. వీధిలో ఒక్కొక్క ఇంటికీ తాళం పడుతోంది. హాస్టలు తాళం మీద దుమ్ము అలాగే ఉంది. ఇక ఆగలేక సోమవారం కూతురిని వెంటబెట్టుకుని అరుగు దగ్గరికి పోయింది.

ఆమెను చూసి ఓబుళేశుగారు లేచి నిలబడ్డారు. ఆయన ఒక కూలీ మనిషికి లేచి నిలబడటం ఊరు మునుపెన్నడూ చూడలేదు. ఇయర్‌ఫోన్లు కూడా తీసేశారు. శాలువా తెప్పించి కప్పి, కృష్ణవేణమ్మగారు చెప్పిన మాటలన్నీ ఆమెకు చదివి వినిపించారు.

“శానా సంతోషమన్నా,” అంది సంతోషమ్మ. “మరి హాస్టలు?”

“నువ్వు చెప్పినావు, నేను యిన్నా. రెండు జిల్లాలు యిన్నాయి. ఇంకేం గావల్లమ్మా?” అన్నారు ఆయన, నిజంగానే అర్థంకాక. తరువాత గుర్తొచ్చి, “ఇంకొగటి పంపియ్యి. ఈసారి గాలి ల్యాని తావున నిలబడు. మొదుట్లో కొంచెం గరగర ఉండాది” అన్నారు.

మొలతాడుకు తాళంచెవులు కదిలి చప్పుడు చేశాయి. తల్లీకూతుళ్ళు ఇల్లు చేరారు. శాలువా బాగానే ఉంది, చేలో పొద్దున్నే మంచుకు పనికొస్తుందని సంతోషమ్మ మూటలో పెట్టింది.

“ఆయప్పకు అర్థం కాలేదేమో పాపా. ఇంకొగ సారి చెప్దామా?”

“అర్థమైందిమా. అందుకే గొంతు బాగుండాదన్నాడు,” అంది ప్రసన్నకుమారి.

పోయే రోజు ఆదోని బస్టాండులో ఏసేపు మూటలు కాచుకుని కూర్చున్నాడు. సైన్సు చెప్పే యశోద మేడం పాఠాలు చదివి ఫోనుకు పంపుతానని ప్రసన్నకు మాట ఇచ్చింది. కాయలు కోస్తూ వినాలంటే ఇయర్‌ఫోన్ కావాలి. తల్లీకూతుళ్ళు గోపన్న బంకుకు పోయారు. గోపన్న మంచి వ్యాపారి, చెవిలో పెట్టి చూపించనిదే సరుకు ఇవ్వడు. ఒకటి విప్పి తన ఫోనుకు తగిలించి, సంతోషమ్మ చెవుల్లో పెట్టాడు.

“అన్నా, దండాలు,” అంది చెవిలో సంతోషమ్మ.

సంతోషమ్మ కదలకుండా విన్నది. తన గుడిసె ముందరి గాలి వినపడింది. తన కోడి వినపడింది. దాన్ని ఆ ఉదయమే పొరుగావిడకు అప్పగించి వచ్చింది. తన ఊపిరి తెగిపోయిన చోట మళ్ళీ తెగింది.

“ఎట్లుండాదక్కా సౌండు?” అన్నాడు గోపన్న.

“బాగుండాదప్పా. శానా బాగుండాది. ఎవురీ యమ్మ?”

“ఎవురో తెల్దక్కా. కోసిగి పక్క మనిషంట. ఈ యమ్మను పెట్టినంక సరుకు నిలిచేదే ల్యా. యిన్నోళ్ళకంతా కండ్లల్లో నీళ్ళు తిరుగుతాయి.”

“ఆ యమ్మ కూతురుకు హాస్టలు తెరిచినారా?”

ఇన్నాళ్ళ వ్యాపారంలో ఎవరూ గోపన్నను ఈ ప్రశ్న అడగలేదు. ఫోను తీసి, సందేశం చివరికంటా జరిపి చూశాడు.

“ఆ ముక్క దీంట్లో ల్యాదక్కా,” అన్నాడు. “ఈడికే ఐపోతాది.”

ప్రసన్నకుమారి డబ్బులిచ్చి, అమ్మ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, చుట్టి, పుస్తకాల మూటలో పెట్టుకుంది. గుంటూరు బస్సు వచ్చింది. ఎక్కారు.

ఈ సందేశం మీ గుంపులోకి కూడా వచ్చే ఉంటుంది. రానివారికి పంపే ఏర్పాటు ప్రవీణ్ చూస్తున్నాడు. విన్నవాళ్ళు పెట్టిన దండం బొమ్మలు, కన్నీటి బొమ్మలు అన్నీ సంఘానికి చేరాయి, ప్రతి ఒక్కరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. హాస్టల్లో ఎర్రగడ్డలు క్షేమంగా ఉన్నాయి.